సదరు రాయి రంగు విషయమై

రాళ్లమెట్ట జిల్లా గనుల కార్యాలయంలో స్టోర్‌కీపర్ కర్రి గౌరీశు రిటైర్మెంటుకి ఇంకా పదకొండు నెలలుంది. ముప్ఫయ్యొక్క ఏళ్ల సర్వీసులో అతని చేతి కింద నుంచి ఒక్క గునపం పోలేదు, ఒక్క జల్లెడ పోలేదు. ఒకసారి పట్టుబడిన ఇసుక కుప్పని వాన కొట్టుకుపోతే, రిజిస్టరులో "వర్షార్పణం" అని తేదీతో సహా రాసి, వాన చేత సంతకం తీసుకోలేకపోయినందుకు కింద విచారం కూడా వెలిబుచ్చాడు. అలాంటివాడి మీద రత్నం మార్చేశాడన్న అభియోగం వస్తుందని ఎవరూ అనుకోలేదు. అతని భార్య పైడమ్మ అసలే అనుకోలేదు.

"రత్నాలు మార్చేసే తెలివే ఉంటే ఈపాటికి ఇంటి రేకులు మార్చేవోడు కాదేటి?" అన్నది ఆమె వాదన. ఆ వాదన ఫైల్లోకి ఎక్కలేదు.

సంగతి ఒక సోమవారం ఉదయం మొదలైంది. కొండ మీద అల్లం మడి తవ్వుకుంటున్న వంతాల సుకిరికి ఉసిరికాయంత రాయి ఒకటి దొరికింది. దాచుకుంటే పోలీసులు వస్తారు, అమ్మబోతే దళారులు వస్తారు. ఇద్దరితోనూ పడే ఓపిక లేక ఆవిడ దాన్ని అడ్డాకులో చుట్టి, బస్సెక్కి, తిన్నగా గనుల ఆఫీసుకే తెచ్చి బల్ల మీద పెట్టేసింది. అడక్కుండా ఒక మనిషి ఒక వస్తువు తెచ్చివ్వడం ఆ ఆఫీసు పుట్టాక అదే మొదలు. అందుకని కాసేపు ఎవరికీ ఏం చేయాలో తోచలేదు.

అసిస్టెంట్ డైరెక్టర్ వడ్లమాని భుజంగరావు వరండాలో కుర్చీ వేయించుకుని రాయిని ఎండకి ఎత్తి చూశారు. నాట్లకి సిద్ధమైన నారుమడిలా కళ్లలోకి చల్లగా దిగే పచ్చదనం. ఆయన గొంతు సవరించుకున్నారు.

"రాసుకోండి గౌరీశు. వస్తువు, రాయి. సంఖ్య, ఒకటి. రంగు, ఆకుపచ్చ."

"బాబూ, అది ఎండలోనే పచ్చ," అంది సుకిరి. "ఇంట్లో దీపం కాడ ఎట్టి సూస్తే ఎర్రగయిపోద్ది. దానిమ్మ గింజలాగ."

భుజంగరావు రిజిస్టరు వైపు చూశారు. రంగు అన్న మాట కింద ఉన్న గడి అరంగుళం వెడల్పుంది.

"ప్రభుత్వం రెండో రంగుకి గడి ఇవ్వలేదమ్మా."

"గడి లేదని అది ఎర్రబడ్డం మానేద్దేటి?"

"అది రాయి ఇష్టం. రిజిస్టరుకి సంబంధం లేదు."

సుకిరికి రసీదు ముట్టింది. రాయి స్ట్రాంగ్‌రూముకి చేరింది. స్ట్రాంగ్‌రూమంటే కిటికీ లేని గది, ఇనప బీరువా, పైన ఒక పాతకాలపు పసుపు బల్బు. గౌరీశు బీరువాలో పెట్టే ముందు డబ్బా మూత తీసి చూశాడు. ఆవిడ చెప్పినట్టే ఉంది. నారుమడి పోయి, దానిమ్మ గింజ వచ్చి కూచుంది. గుమ్మం బయటికి తెచ్చాడు, పచ్చ. లోపలికి తీసుకెళ్లాడు, ఎరుపు. ఎవరూ చూడకుండా అలా నాలుగుసార్లు తిరిగాడు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆ గదిలోకి రోజుకి పదిసార్లు వెళుతున్నా, నవ్వుకుంటూ బయటికి రావడం అదే మొదటిసారి.

నిజాయితీపరుడు కనక ఊరుకోలేక, రిమార్కుల గడిలో పెన్సిలుతో "బల్బు కింద ఎరుపు" అని రాశాడు. భుజంగరావు రబ్బరు తెప్పించి చెరిపేశారు.

"రిమార్కులంటే లోపాలయ్యా. మన రాయిలో లోపం ఉందని మనమే రాసిస్తామా?"

మూడు వారాలకి రాజధాని నుంచి ప్రత్యేక తనిఖీ అధికారి కొమ్మూరి విశ్వపతి దిగారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది. దాహమేసినా "సదరు మంచినీళ్లు తక్షణమే సమర్పించవలెను" అంటారు. గునపాలు లెక్కపెట్టి, జల్లెళ్లు లెక్కపెట్టి, చివరికి స్ట్రాంగ్‌రూములో బల్బు కింద నిలబడి డబ్బా తెరిపించారు.

రాయి నిగనిగలాడుతూ ఎర్రగా ఉంది.

"రికార్డు ప్రకారం ఆకుపచ్చ. ప్రత్యక్ష పరిశీలనలో ఎరుపు," అన్నారు విశ్వపతి. "దీనికి మీ సంజాయిషీ?"

"ఒక్కసారి గుమ్మం బయటికి తెచ్చి చూడండి సార్, పచ్చగా అయిపోద్ది."

"తనిఖీ ముగిసే వరకు సదరు వస్తువు సదరు గది దాటరాదు. నిబంధన పద్నాలుగు."

"పోనీ ఈ బల్బు తీసేసి తెల్లటిది పెడితే..."

"బల్బు ఈ క్షణం నుంచి సాక్ష్యం."

అని బల్బు హోల్డరుకి లక్క ముద్ర వేయించారు. బల్బు వేడికి లక్క కరిగి ఆయన జేబు మీద కారింది. దాన్ని సాక్ష్యాన్ని తారుమారు చేసే ప్రయత్నంగా విడిగా నమోదు చేశారు.

గౌరీశు మీద రెండు అభియోగాలు తయారయ్యాయి. లెక్కలో ఉన్న ఆకుపచ్చ రాయి ఒకటి కనిపించకుండా పోవడం మొదటిది. లెక్కలో లేని ఎరుపు రాయి ఒకటి కనిపించడం రెండోది.

"పోయిందీ ఒచ్చిందీ ఒకటే సార్," అన్నాడు గౌరీశు.

"అలాగైతే రెండు అభియోగాలెందుకు ఉంటాయి?" అన్నారు విశ్వపతి, చాలా సహేతుకంగా.

గౌరీశు సస్పెండయ్యాడు. రోజూ ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టి వరండా బెంచీ మీద కూచోవాలని ఉత్తర్వు. ఇంటికెళ్లి చెబితే పైడమ్మ చేటలో బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"నెత్తి మీద సూరీడుండగా ఇంత గొడవేటి? బయటికి తెచ్చి సూడ్డానికి ఆలకి కాళ్లు లేవా?"

"కాళ్లున్నాయే. నిబంధన లేదు."

ఆ పూట అన్నంలో రెండు రాళ్లు తగిలాయి. గౌరీశు వాటి రంగు చూడకుండానే పక్కన పెట్టేశాడు.

తాళంచెవి భుజంగరావు చేతికి వెళ్లింది. నెల తిరిగాక విశ్వపతి విచారణకి మళ్లీ వచ్చారు. సాక్షిగా సుకిరిని పిలిపించారు. ఆవిడకి ముందే నోటీసు వెళ్లింది, దాచి ఉంచిన రెండో రాయిని కూడా వెంట తేవలసిందని.

"నానొక్కటే ఇచ్చినాను బాబూ."

"మీరు ఇచ్చిన సదరు రాయి ఆకుపచ్చదా, ఎరుపుదా?"

"ఎప్పుడు?" అంది సుకిరి.

విశ్వపతి కలం ఆగింది. "ఎప్పుడు అంటే?"

"పొద్దున్నా, దీపాలెట్టినాకా? ఏ యేళ సంగతి అడుగుతున్నారో సెప్పకపోతే నానేటి సెప్తాను?"

సాక్షి సూటిగా జవాబివ్వకుండా ఎదురు ప్రశ్నలు వేస్తున్నదని రాసుకున్నారు. తర్వాత, పట్టుబడిన ఎరుపు రాయిని హాజరు పరచమన్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. స్ట్రాంగ్‌రూము చీకటైపోయింది. చీకట్లో తనిఖీ చెల్లదని నిబంధన ఇరవై రెండు చెబుతోంది కనక, ప్రత్యేక మినహాయింపు మీద డబ్బాని వరండాలోకి తెచ్చారు. భుజంగరావు స్వయంగా మూత తీశారు.

పిట్ట ఈకలా పచ్చగా ఉంది.

గౌరీశు బెంచీ మీంచి లేచాడు. "అదిగో సార్! నేను చెప్పలేదూ!"

సుకిరి చప్పట్లు కొట్టింది. విశ్వపతి మాత్రం భుజంగరావు ముఖంలోకి చూశారు.

"నేను ఎరుపు రాయి అప్పగించి వెళ్లాను. అదేదీ?"

భుజంగరావు డబ్బాలోకి వేలు చూపించారు. "అది... ఇదే సార్. ఎండకి..."

"మీరు కూడా గౌరీశు గారి వాదననే వల్లిస్తున్నారు. అంటే ఇద్దరూ కూడబలుక్కున్నారు."

ఆ మధ్యాహ్నమే భుజంగరావు వచ్చి బెంచీ మీద గౌరీశు పక్కన కూచున్నారు. ఉద్యోగంలో చేరింది లగాయతు కింది వాళ్లతో కలిసి తినని మనిషి, ఆ రోజు క్యారేజీ తేలేదు. గౌరీశు సగం అన్నం, గోంగూర పచ్చడి మూతలో పెట్టి ఇచ్చాడు.

"రిమార్కుల్లో నువ్వు రాసింది ఉంచేయాల్సిందయ్యా," అన్నారు భుజంగరావు, రెండో ముద్ద దిగాక.

తాళంచెవి సీనియర్ అసిస్టెంటుకి వెళ్లింది. తర్వాతి తనిఖీకి కరెంటు ఉంది, రాయి ఎరుపు. అతను బెంచీ మీదికి. తాళంచెవి పటాలు గీసే ఆయనకి. ఆ నెల కరెంటు లేదు, పచ్చ. ఆయనా బెంచీ మీదికే. ఆపైన టైపిస్టు, మళ్లీ ఎరుపు. ఐదు నెలలు గడిచేసరికి ఆఫీసులో కుర్చీలు ఖాళీ, బెంచీ నిండిపోయింది. ఆరో మనిషి లేకపోవడంతో, అపారమైన అనుభవం దృష్ట్యా, అభియోగాలకు భంగం లేకుండా, తాళంచెవి మళ్లీ గౌరీశుకే ఇచ్చారు. మిగతా ఆఫీసంతా విశ్వపతి అదనపు బాధ్యతగా తీసుకుని అక్కడే మకాం పెట్టారు.

ఈలోగా రాజధానిలో ఇంకో విశేషం జరిగింది. ప్రతి తనిఖీలోనూ కొత్తగా కనబడిన రాయిని కొత్త రాబడిగా రాశారు కదా. లెక్కల విభాగం వాళ్లు కూడి చూస్తే రాళ్లమెట్ట జిల్లాలో ఆకుపచ్చవి మూడు, ఎరుపువి మూడు, మొత్తం ఆరు రత్నాలు తేలాయి. వార్షిక నివేదికలో ఐదు వందల శాతం వృద్ధి అని అచ్చయింది. రాళ్లమెట్టకి అభినందన పత్రం వచ్చింది. తీసుకోవడానికి సస్పెండవని వాళ్లెవరూ లేక విశ్వపతే తీసుకుని, తన మీద తానే సంతృప్తి వ్యక్తం చేస్తూ జవాబు రాసుకున్నారు.

అంత వృద్ధి జరిగాక వేలం వేయక తప్పదు. అపురూపమైన రాళ్లు పోగుచేసుకునే అభిరుచి ఉన్నవాళ్ల కోసమని పైవాళ్లు ఇంగ్లీషులో రాసిన ప్రకటన తెలుగులోకి దిగేసరికి "అరుదైన ఆకుపచ్చ రత్నాలు, కలెక్టర్లకు మాత్రమే" అని తయారైంది. ప్రతులు రాష్ట్రంలోని జిల్లా కలెక్టర్లందరికీ వెళ్లాయి. ముగ్గురు తమకు తీరిక లేదని రాశారు. ఒకాయన, రాయిని కార్యాలయంలో ఏ గోడకి బిగించాలో నక్షా పంపమన్నారు.

వేలం రోజున నిజంగా వచ్చినవాడు ఒక్కడే. బక్కపలచటి పెద్దాయన, చేతిలో భూతద్దం, భుజాన గుడ్డ సంచీ.

"ఎవరు మీరు?" అన్నారు విశ్వపతి.

"కలెక్టర్నండి."

విశ్వపతి చటుక్కున లేచి పైగుండీ పెట్టుకున్నారు. "క్షమించాలి సార్. ఏ జిల్లా?"

"జిల్లా ఏముందండీ, ఉండేది సామర్లకోట. మేడూరి పరాంకుశం అంటారు. నలభయ్యేళ్లుగా రాళ్ల కలెక్టర్నండి. పచ్చ రాళ్లంటే మరీ పిచ్చండి."

"రాళ్ల జిల్లా అని రాష్ట్రంలో లేదే?"

"జిల్లా కాదండీ బాబూ, రాళ్లు! నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యానండి."

"అంటే ఐఏఎస్ కాదు."

"కాదండి."

"కానీ కలెక్టర్ని అన్నారు."

"అన్నానండి."

విశ్వపతి పైగుండీ విప్పేసుకుని పోలీసులకి ఫోను చేశారు. వాళ్లు వచ్చేలోపు అరగంట దొరికింది. గౌరీశు ఆ పెద్దాయన్ని స్ట్రాంగ్‌రూము గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, రాయిని లోపలా బయటా చూపించాడు. పరాంకుశం భూతద్దం పెట్టి చూశాడు, తీసి చూశాడు.

"అలెగ్జాండ్రైటండి ఇది! పుస్తకాల్లో చదవడమే గానీ ఇంత పెద్దది కళ్లతో చూడలేదండి. ఎండలో పచ్చ, పసుపు బల్బు కింద ఎరుపు. దీని గొప్పంతా అదేనండి. ఒక్క రాయిలో రెండు రాళ్లు చూపిస్తుందని జనం దీనికోసం ప్రాణం పెడతారండి."

ఒక్క రాయి అన్న మాట వినగానే గౌరీశుకి ఏడుపొచ్చినంత పనైంది. ఆరు నెలలుగా ఆ మాట చెబుతున్నది తనూ, అల్లం తవ్వుకునే సుకిరీ, బెంచీ మీది నలుగురూ. ఇప్పుడు చదువుకున్న సాక్షి దొరికాడు.

"ఆ ముక్క రాసి సంతకం పెట్టండి మాస్టారూ. మీ కడుపు చల్లగుండ."

పరాంకుశం రెండు పేజీలు రాసి సంతకం పెట్టి, పోలీసు జీపెక్కాడు. ఎస్సై ఆయన శిష్యుడే కావడంతో టీ తాగించి, బస్సెక్కించి పంపేశాడు. ఆ రెండు పేజీల మీద మాత్రం విశ్వపతి ఎర్ర సిరాతో ఇలా రాశారు: "జిల్లా కలెక్టరుగా నటించిన వ్యక్తి వాంగ్మూలమిది. రాయి కూడా తనలాగే ఒకటై ఉండి మరొకటిగా కనబడుతుందని ఆయన చెప్పడం గమనార్హం."

అయినా ఆ కాగితం ఫైల్లో ఉంది కనక, దాని మీద కమిటీ వేయక తప్పలేదు. కమిటీ మొదట రాయికే నోటీసు ఇచ్చింది: సదరు రాయి తన రంగును ఏడు పనిదినాలలోగా ఖరారు చేసుకోవలెను, లేనిచో ఏకపక్షంగా నిర్ణయం తీసుకోబడును. నోటీసుని గౌరీశు డబ్బా మూతకి అంటించి, "స్వీకర్త మౌనంగా ఉన్నారు" అని రాసిచ్చాడు. ఎనిమిదో రోజున కమిటీ కూచుంది. పచ్చవి మూడూ ఒకే బరువు, ఒకే ఆకారం కనక ఒకటిగా పరిగణించారు. ఎరుపువి మూడూ అలాగే. ఆరు కాస్తా రెండయ్యాయి.

"రెండు కూడా ఒకే బరువు, ఒకే ఆకారం కదా సార్," అన్నాడు గౌరీశు ఆశగా. "ఇంకొక్క మెట్టు దిగితే అయిపోద్ది."

"రంగు గడి వేరు. రిజిస్టరుని ధిక్కరించలేం," అన్నారు విశ్వపతి.

చివరికి గౌరీశు రిటైర్మెంటు రోజు వచ్చింది. ఉత్తర్వు స్పష్టంగా ఉంది: ఆకుపచ్చ రాయి ఒకటి, ఎరుపు రాయి ఒకటి, రెండూ ఏకకాలంలో చూపించి అప్పగిస్తే అభియోగాలు రద్దు, లేదంటే పెన్షను నిలిపివేత. పొద్దున్న బయల్దేరుతుంటే పైడమ్మ చొక్కా గుండీలు సరిచేసింది.

"ఉన్నదొకటైతే రెండెలా సూపిస్తావు?"

"దారి ఒకటుందే," అన్నాడు గౌరీశు. అతను ఆ ఆలోచన మీద పదిహేను రోజులుగా ఉన్నాడు. గది లోపల బల్బు. బయట ఎండ. నడుమ ఒక గడప.

పన్నెండు కావడానికి పది నిమిషాలుందనగా, తాళంచెవి తీసుకోబోయే కొత్త స్టోర్‌కీపర్ బెవర లలిత, విశ్వపతి వచ్చారు. గౌరీశు తలుపు సగం తెరిచాడు. విశ్వపతిని సరిగ్గా గడప మీద నిలబెట్టాడు. రాయిని ఆయన ముక్కుకి ఎదురుగా, గుమ్మం గీత మీద, రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఎండ ఒక పక్క పడింది, బల్బు వెలుగు ఇంకో పక్క. సగం నారుమడి, సగం దానిమ్మ గింజ.

విశ్వపతి చాలాసేపు చూశారు. జీవితంలో మొదటిసారి ఆయన నోట సదరు అన్న మాట లేకుండా ఒక మాట వచ్చింది.

"అబ్బ!"

వెంటనే సర్దుకున్నారు. "ఆకుపచ్చ, ఉన్నది. ఎరుపు, ఉన్నది. ఏకకాలంలో చూడడమైనది." సంతకం, ముద్ర, తేదీ, వేళ అన్నీ పడ్డాయి. కింద లలిత కూడా పచ్చది ఒకటి, ఎరుపుది ఒకటి ముట్టినట్టు సంతకం చేసింది. గౌరీశు చేతికి అభియోగాల రద్దు పత్రం వచ్చింది. బెంచీ మీది నలుగురూ విడుదలయ్యారు. భుజంగరావు గౌరీశుని కావలించుకున్నారు.

అంతా అయిపోయిందనుకుంటుండగా విశ్వపతి రాయిని మళ్లీ గడప మీద పట్టుకుని చూశారు.

"అయితే సదరు రాళ్లు రెండూ అతుక్కుని ఉన్నాయి. ఇన్నాళ్ల గందరగోళానికి మూలం ఇదే. తక్షణం వేరు చేయించండి. పచ్చది పై అరలో, ఎరుపుది కింది అరలో ఉండాలి."

పెరట్లో గ్రానైటు నమూనాలు కోసే యంత్రం ఉంది. విశ్వపతి ఆపరేటరుని కేకేశారు. గౌరీశు చేతిలో కాగితం ఉంది. నోరు మూసుకుని గేటు దాటితే చాలు, పెన్షను వస్తుంది, పరువు దక్కుతుంది. అతను రెండడుగులు వేశాడు కూడా. పెరట్లో యంత్రం గర్రుమంది. అతను వెనక్కి పరిగెత్తాడు.

"సార్! కొయ్యొద్దు! ఒక్కటే రాయి సార్ అది. ఎక్కడ నిలబడితే రెండూ కనపడతాయో తెలిసే మిమ్మల్ని అక్కడ నిలబెట్టాను. తప్పు నాదే. ఇదిగో, మీ కాగితం మీరు తీసేసుకోండి!"

విశ్వపతి వాచీ చూసుకున్నారు.

"పన్నెండూ పది. మీరు పన్నెండు గంటలకే విధుల నుంచి విముక్తులయ్యారు. సాంకేతిక విషయాల్లో ప్రైవేటు వ్యక్తుల అభిప్రాయాలు స్వీకరించే పద్ధతి లేదు."

అర నిమిషం పట్టింది. గౌరీశు చెవులు మూసుకోలేదు. ముప్ఫయ్యొక్క ఏళ్లలో తన చేతి కింద పాడైన మొదటి వస్తువు కదా, దగ్గరుండాలనిపించింది. ఆపరేటరు రెండు ముక్కలూ కడిగి విశ్వపతి అరచేతిలో పెట్టాడు. పెరట్లో ఎండ ఫెళ్లున కాస్తోంది. రెండూ పచ్చగా ఉన్నాయి.

"ఎరుపుదేదీ?" అన్నారు విశ్వపతి.

అందరూ బిలబిలమంటూ స్ట్రాంగ్‌రూములోకి వెళ్లారు. బల్బు కింద ఆయన అరచెయ్యి తెరిచారు. రెండూ ఎర్రగా ఉన్నాయి.

"ఆకుపచ్చదేదీ?"

ఆయన మెల్లగా తల తిప్పి, పావుగంట కిందట సంతకం పెట్టిన లలిత వైపు చూశారు. సంజాయిషీ సాయంత్రం లోగా ఇవ్వాలన్నారు.

గేటు బయట ఆటోలో పైడమ్మ ఎదురుచూస్తోంది. గౌరీశు వెళ్లి ఆమెతో ఒక మాట చెప్పి వచ్చాడు.

"ఉద్యోగం అయిపోనాది గదా, ఇంకేటి పని నీకు?" అని ఆమె అరుస్తూనే ఉంది.

అతను లలిత బల్ల ముందు కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఆమె కన్నీళ్లు తుడుచుకుని తెల్లకాగితం తీసింది. "నేను చూసినప్పుడు ఒకటి పచ్చగా, ఒకటి..." అని మొదలుపెట్టబోయింది.

"ఆగమ్మా," అన్నాడు గౌరీశు. "ఏటి చూశావన్నది తర్వాత. ముందు ఎక్కడ నిలబడ్డావో రాయి."